తొలి బాణం నేలకు

జిల్లా విలువిద్య సంఘానికి నేను కార్యదర్శిని అయింది టీ తాగడానికి వెళ్ళి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఖమ్మంలో మీటింగ్ అన్నారు. అప్పటికి నేను భద్రాచలం అవతల, అడవి అంచున ఉన్న ఆశ్రమ పాఠశాలలో పీఈటీని. పిల్లలకు విల్లు నేర్పుతున్నానని ఎవరో చెబితే నన్నూ పిలిచారు. నేను వెళ్ళేసరికే అధ్యక్షుడు, ముగ్గురు ఉపాధ్యక్షులు, గౌరవ సలహాదారు అందరూ తయారై ఉన్నారు. చప్పట్లు కూడా అయిపోయాయి. కార్యదర్శి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతివాళ్ళూ తమ టీ గ్లాసులోకి చూసుకుంటున్నారు.

"ఆ పని ఏంది సార్?" అని అడిగాను. అడగడమే నా తప్పు.

"ఏముంది మేడం, ఉత్తరాలు రాసుడు, పిల్లల్ని తోలుకొచ్చుడు, గ్రౌండు చూసుకునుడు" అన్నాడు అధ్యక్షుడు. అంటే పనంతా అన్నమాట. ఒక రబ్బరు స్టాంపు, ఒక రిజిస్టరు ప్లాస్టిక్ సంచిలో పెట్టి నా చేతికిచ్చారు. అందరికంటే ముందు లేచి వెళ్ళింది గౌరవ సలహాదారు.

నాకేమీ భయం వేయలేదు. జూలూరుపాడు దగ్గర తండాలో పుట్టినదాన్ని. మా తండా నుంచి వ్యాయామ విద్య చదవడానికి వెళ్ళిన మొదటి ఆడపిల్లను. ట్రాక్ ప్యాంటు వేసుకుని చేలగట్ల మీద పరుగెత్తుతుంటే నవ్వనివాళ్ళు లేరు. నవ్విన నాపచేనే పండుతుందిలే అనేవాడు మా నాన్న. పండింది. రబ్బరు స్టాంపు నన్నేం చేస్తుంది?

మా అధ్యక్షుడి గురించి ఒక మాట చెప్పాలి. గ్రానైటు వ్యాపారి. చెడ్డవాడు కాదు. పిల్లలకు బూట్లు కావాలంటే బూట్లు, బోర్డులు కావాలంటే బోర్డులు, చేతికి ఎముక లేని మనిషి. కాకపోతే మైకు దొరికిందంటే నోటికి గడియ కూడా ఉండదు. విల్లు ఏ చేత్తో పట్టుకుంటారో ఆయనకు తెలియదు. దాచుకునేవాడూ కాదు. "నాకెందుకు మేడం అవన్నీ, మీరున్నరు గద" అనేవాడు.

సంఘమైతే ఉంది కానీ దానికి జాతీయ సమాఖ్య గుర్తింపు లేదు. గుర్తింపు లేకపోతే మా పిల్లలు మా గ్రౌండులో ఎంత బాగా కొట్టినా అది ఇంట్లో వండుకుని ఇంట్లో తిన్నట్టే. రాష్ట్ర ఎంపికలకు రానివ్వరు. మేమిచ్చే సర్టిఫికెట్ మీద నేనెంత ఒత్తి స్టాంపు వేసినా ఎవరూ చూడరు.

ఇది మామూలుగా అయితే కాగితాల గొడవ. నాకు అది ఒక పిల్ల గొడవ. పదో తరగతి చదువుతున్న కోయ పిల్ల. మా పదకొండు మందిలో అందరికంటే బాగా కొట్టేది. మాట తక్కువ. నారి తగిలి తగిలి ఎడమ ముంజేతి మీద చర్మం నల్లగా కాయ కాసింది. ఆ ఏడు రాష్ట్ర జట్టులో చోటు దొరికితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, ఇంటర్ చదువు. దొరక్కపోతే పరీక్షలు కాగానే వాళ్ళ అక్కలాగే వైరా వైపు మిరప తోటల్లో కాయ ఏరడానికి వెళ్ళాలి. వాళ్ళ అమ్మ ఆ మాట నాతో దాపరికం లేకుండా చెప్పింది. "ఒక్క ఏడు ఆగు తల్లీ" అన్నాను. ఆగింది. ఆ ఏడు అయిపోవస్తోంది.

సమాఖ్య పెట్టిన షరతు ఒకటే. తాము పంపే పరిశీలకుడి ఎదుట జిల్లా పోటీ జరపాలి. కనీసం ఎనిమిది మంది పిల్లలు వాళ్ళు చెప్పిన స్కోరు దాటాలి. ఎనిమిది మంది దాటితే గుర్తింపు, ఏడుగురు దాటితే మళ్ళీ ఎప్పుడో.

నిబంధనల పుస్తకం జిరాక్సు తెప్పించుకున్నాను. అంతా ఇంగ్లీషు. భద్రాచలం నుంచి ఖమ్మం బస్సులో పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివాను. పక్క సీటులో కూర్చున్న ముసలమ్మ "ఏం పరీక్ష బిడ్డా?" అని అడిగిందంటే ఎట్లా చదివానో అర్థం చేసుకోవచ్చు. పోటీ ముందురోజు మా బడి గ్రౌండులో పిల్లలు నిలబడే గీత గీసి, దానికి మూడు మీటర్ల ముందు ఇంకో గీత కూడా సున్నంతో గీయించాను. "ఈ రెండో గీత ఎందుకు మేడం?" అని వాచ్‌మన్ అడిగాడు. పుస్తకంలో ఉంది కాబట్టి అన్నాను. ఉన్నదంతా చేయాల్సిందే, అది నా పట్టుదల.

ఇక్కడ ఆ పిల్ల తాత గురించి చెప్పాలి. మా పిల్లల వెదురు విళ్ళు చేసేది ఆయనే. మా పిల్లల గూడేల్లో ఒక పద్ధతి ఉంది. పొద్దున విల్లు పట్టగానే తొలి బాణం గురికి వేయరు. కాళ్ళ ముందు నాలుగడుగుల దూరంలో నేలలోకి దించుతారు. అది నేలతల్లిది. పొద్దుగూకేదాకా దాన్ని ముట్టరు. "నేల మీద నిలబడి కొడుతున్నం గద, మొదలు దానికియ్యాలె" అని నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన ఒకసారి చెప్పాడు. రోజూ నేను ఈల పట్టుకుని గ్రౌండుకు వెళ్ళేసరికి పిల్లలు ఆ పని ముగించి ఉండేవాళ్ళు. పదకొండు బాణాలు వరుసగా నేలలో నిలబడి ఉండేవి. వాటిని తప్పించుకుని నడిచేదాన్ని. చూసి చూసి, చూడటం మానేశాను.

పరిశీలకుడు పొద్దున్నే రైల్లో భద్రాచలం రోడ్ స్టేషన్లో దిగాడు. అరవై దాటిన మనిషి. ఇస్త్రీ ప్యాంటు, తెల్ల చొక్కా, చేతిలో తోలు సంచి. పుట్టింది తెలుగునాట అయినా ముప్పై ఏళ్ళుగా ఉత్తరాదిలో ఉన్నాడట, ఒక్కో తెలుగు మాట వెతుక్కుని మాట్లాడాడు. జీపు గోదావరి వంతెన దాటాక నేను అడగకుండానే సమాఖ్య పుట్టుక చెప్పుకొచ్చాడు. నలుగురు పెద్దమనుషులు, సైకిలు షాపు మీద అద్దె గది, ఒక టైపు మిషను. ఆ టైపు మిషను ముందు కూర్చున్న కుర్రాడు ఈయనే.

"మేము ముందు లెటర్‌హెడ్ అచ్చు వేయించాం. విల్లు ఆ తర్వాత సంవత్సరం కొన్నాం" అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు సార్" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. గుర్తింపు ఇవ్వడానికి వచ్చిన మనిషిని దార్లోనే ఎగతాళి చేసే కార్యదర్శి ఇంకెక్కడా ఉండదు. ఆయన కూడా నవ్వాడు. తర్వాత ఎవరెవరు అధ్యక్షులయ్యారో, ఎవరు ఎవరిని దించారో, ఒకసారి రెండు వర్గాలై ఎట్లా రెండు తాళాలు ఒకే తలుపుకు వేసుకున్నారో వరుసగా చెప్పాడు. వింటూ కూర్చున్నాను. అంతసేపటి చరిత్రలో బాణం వేసినవాడి పేరు ఒక్కటీ రాలేదు. అది ఆయన తప్పని నేననుకోలేదు. టైపు మిషను ముందు కూర్చుంటే కాగితం మీద సంతకం పెట్టేవాళ్ళే కనబడతారు.

"మీరెప్పుడన్నా విల్లు పట్టుకున్నరా సార్?" అని అడిగాను.

"లేదమ్మా" అన్నాడు. సిగ్గుపడలేదు. నిజం చెప్పినందుకు నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. కార్యక్రమ పత్రం నేనే తయారు చేశాను. అందులో స్వాగతం, ఆ తర్వాత అరగంట ప్రాక్టీసు, ఆ తర్వాత పోటీ అని రాసుకున్నాను. ముందురోజు మధ్యాహ్నం అధ్యక్షుడు ఫోన్ చేశాడు. "మేడం, సన్మానానికి టైము సాలది. పెద్దమనిషి గంత దూరం నుంచి వస్తుండు, శాలువా కప్పి రెండు మాటలు చెప్పకుంటే ఏం బాగుంటది?" అన్నాడు. రోజూ కొట్టే పిల్లలకు ప్రాక్టీసెందుకులే అనుకుని, నా పెన్నుతో నేనే ప్రాక్టీసు మీద గీత కొట్టేశాను. అంతటితో ఆగానా? పరిశీలకుడికి స్వాగతం చెప్పడానికి పిల్లలను తెల్లారేసరికే పువ్వులిచ్చి గేటు దగ్గర వరుసగా నిలబెట్టించాను. ఆ పొద్దున వాళ్ళ చేతికి విల్లే దొరకలేదు.

శాలువా కప్పారు. రెండు మాటలు అన్నారు కదా, అవి ముప్పావుగంట నడిచాయి. చివరికి ఈల ఊదారు. పదకొండు మంది గీత మీద నిలబడ్డారు. ఒక్కొక్కరికి విడతకు ఆరు బాణాలు. అధ్యక్షుడు, ఉపాధ్యక్షులు కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు. నేను గుండెల మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను, ధైర్యంగానే.

పదకొండు మందీ విళ్ళు కిందికి దించారు. పదకొండు బాణాలూ కాళ్ళ ముందు నేలలోకి దిగాయి. తర్వాత ఏమీ జరగనట్టు విళ్ళు ఎత్తి మిగిలిన అయిదూ గురికి వేశారు.

నా పైప్రాణాలు పైనే పోయాయి. కుర్చీల్లో ఎవరో పకపకా నవ్వారు. స్కోరు రాసేవాళ్ళు పదకొండు మందికీ మొదటి బాణం కింద సున్నా చుట్టారు. పరిశీలకుడు లేచి నిలబడి "ఏమిటిది?" అన్నాడు. అధ్యక్షుడు నన్ను కాపాడబోయి "ఏం లేదు సార్, కొత్త మనుషులను చూసి పోరగాళ్ళకు చేతులు వణికినయ్" అన్నాడు. పదకొండు మంది చేతులు ఒకేసారి ఒకే దిక్కుకు వణికాయంటే నమ్మడానికి పరిశీలకుడేం చిన్నపిల్లాడా? ఇంతలో ఉపాధ్యక్షుడొకడు ఆ బాణాలు పీకేయడానికి గబగబా వెళ్ళాడు. విళ్ళు చూసుకోవడానికి వచ్చిన తాత అడ్డంగా నిలబడ్డాడు.

"ముట్టకుండ్రి. పొద్దుగూకేదాంక అవి మనయి గావు" అన్నాడు.

"ఫోటోలు ఖరాబైతయి పెద్దాయనా, జరుగు" అన్నాడు ఉపాధ్యక్షుడు. తాత జరగలేదు. ఉపాధ్యక్షుడే వెనక్కి తిరిగాడు.

అప్పుడు నాకు రెండో గీత కనబడింది. సున్నం గీత. నిబంధనల పుస్తకం నా సంచిలోనే ఉంది. పరుగెత్తి తెచ్చి పరిశీలకుడి ముందు పేజీ తీసిపెట్టాను. నిలబడే గీతకు, మూడు మీటర్ల గీతకు మధ్య పడిన బాణం వేసినట్టు లెక్క కాదు, దాని బదులు ఇంకోటి వేయవచ్చు. చేయి జారినవాళ్ళ కోసం పెట్టిన నిబంధన అది. కావాలని నేలకిచ్చినవాళ్ళకు వర్తించదని ఎక్కడా రాసిలేదు.

"వీళ్ళు జార్చలేదు సార్. ఇచ్చిండ్రు. రోజూ ఇస్తరు. ఇయ్యాల పొద్దున ఇయ్యనీయకుండ నేనే గేటు కాడ నిలబెట్టిన" అన్నాను.

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. గీత దాకా నడిచి వెళ్ళి ఒక్కో బాణం చూసుకుంటూ వచ్చాడు. పది గీత లోపల ఉన్నాయి. ఒకటి మాత్రం సున్నం గీతకు జానెడు అవతల దిగింది. అది ఆ పిల్లది.

"ఈ పదీ లెక్కలోకి రావు. వాళ్ళు ఇంకోటి వేసుకోవచ్చు. ఇది దాటింది, దీనికి సున్నాయే" అన్నాడు.

పది దక్కాయన్న సంతోషంలో నేను తల ఊపేశాను. ఆ పిల్ల వైపు చూడలేదు. చూసి ఉంటే ఊపేదాన్ని కాదు. ఆ సున్నా దాని చేతుల్లోకి దిగిపోయింది. ఎప్పుడూ నడిమి పసుపు వలయం వదలని పిల్ల నీలంలో, నలుపులో వేస్తూ పోయింది. మిగిలినవాళ్ళు మామూలుగా కొట్టారు. మధ్యాహ్నానికి లెక్క తేలింది. ఏడుగురు దాటారు. ఎనిమిదో స్థానంలో ఆ పిల్ల. మూడు మార్కులు తక్కువ. తర్వాతి ముగ్గురూ చిన్నవాళ్ళు, చాలా వెనక.

అధ్యక్షుడు వచ్చి "పోనియ్యి మేడం, మల్ల సారి చూద్దాం" అన్నాడు. ఓదార్చడానికే అన్నాడు, నాకు ఒళ్ళు మండింది. మళ్ళీసారికి ఆ పిల్ల మిరప చేలో ఉంటుంది. నేలలో నిలబడి ఉన్న బాణాల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. అవి ఇంకా అక్కడే ఉన్నాయి, తాత పుణ్యమా అని.

పిల్లలు నిలబడి కిందికి వేస్తారు కాబట్టి ఏ బాణమూ నిటారుగా దిగదు. మొన ముందుకు, తోక వేసినవాళ్ళ వైపుకు వాలి ఉంటుంది. ఆ పిల్ల బాణం మొన గీత దాటింది నిజమే. తోక? వంగి చూశాను. కంటితో తేలలేదు. మళ్ళీ పుస్తకం తీశాను. మొన అని లేదు. బాణం కర్రలో ఏ భాగమైనా గీత లోపల ఉంటే చాలు అని ఉంది. బస్సులో డిక్షనరీ పెట్టుకుని చదివినప్పుడు ఆ మాటే నాకు అర్థం కాక రెండుసార్లు వెతికాను.

పరిశీలకుడు అన్నం ముందు కూర్చోబోతున్నాడు. చేయి కడుక్కున్న మనిషిని లేపాను. మొదట ఒప్పుకోలేదు. నేలలో ఎక్కడ దిగిందో అదే లెక్క, ముప్పై ఏళ్ళుగా అలాగే చూస్తున్నాం అన్నాడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

"మీరు చూసింది కాదు సార్, మీరు టైపు చేసింది చూడండి" అన్నాను.

ఆయన పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. ఆ నిబంధన తెలిసిన మనిషే, కానీ అంత దగ్గరగా చూడాల్సిన అవసరం ఎప్పుడూ వచ్చినట్టు లేదు. లేచి వచ్చాడు. తాతను అడిగాను. ఆయన నడుముకు చుట్టుకున్న నారి విప్పి, చివర చిన్న రాయి కట్టి, బాణం తోక పక్కన పట్టుకున్నాడు. రాయి ఊగి ఊగి ఆగింది. ఎక్కడ ఆగిందో నిలబడి చూస్తే తెలియదు. పరిశీలకుడు ఒక్క క్షణం తన ఇస్త్రీ ప్యాంటు వైపు చూసుకున్నాడు. తర్వాత ఎర్రమట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు.

"రెండు వేళ్ళు ఇవతల ఉంది" అన్నాడు. లేచి మోకాళ్ళు దులుపుకోకుండానే స్కోరు రాసేవాళ్ళ వైపు తిరిగాడు. "ఈ అమ్మాయికి ఒక బాణం ఉంది."

ఆ పిల్లను పిలిచాను. గీత మీద ఒక్కతే నిలబడింది. మూడు మార్కులు చాలని నేను చెప్పలేదు, దానికి తెలుసు. వేసింది. పదీ కాదు, తొమ్మిదీ కాదు, ఆరు. నాకు ఆ ఆరును మించిన అంకె ఈనాటికీ లేదు. అధ్యక్షుడు మైకు కోసం చూశాడు కానీ వాచ్‌మన్ అప్పటికే తీగలు చుట్టేశాడు.

వెళ్ళేముందు పరిశీలకుడు తోలు సంచిలో కాగితాలు సర్దుకుంటూ, సమాఖ్య చరిత్ర పుస్తకం వేస్తున్నామనీ, గుర్తింపు ఉన్న ప్రతి జిల్లాకూ ఒక పేజీ ఉంటుందనీ, మీ కార్యవర్గం ఫోటో పంపమనీ చెప్పాడు. కుర్చీల్లో కూర్చుని ఉన్న ఫోటో ఒకటి, నేలలో నిలబడ్డ బాణాల ఫోటో ఒకటి, రెండూ పంపాను. గుర్తింపు కాగితం రెండు నెలల్లో వచ్చింది. పుస్తకం చాలా ఆలస్యంగా వచ్చింది. మా పేజీలో బాణాల ఫోటో వేశారు. మా ఉపాధ్యక్షులకు కోపం వచ్చింది. అధ్యక్షుడు మాత్రం నాలుగు కాపీలు తెప్పించుకుని వచ్చినవాళ్ళకల్లా చూపించాడు. ఆ తర్వాత నేను తయారు చేసిన ప్రతి కార్యక్రమ పత్రంలోనూ మొదటి వరుస పిల్లల తొలి బాణం. దీపం వెలిగించడం కూడా ఆ తర్వాతే. ఎంత పెద్ద అతిథి అయినా ఆగాల్సిందే, అందరూ ఆగారు కూడా.

ఆ పిల్ల రాష్ట్ర జట్టులోకి వెళ్ళింది, హాస్టల్లో సీటు వచ్చింది. కానీ నాకు గుర్తుండేది ఆ పోటీ రోజు సాయంత్రమే. జీపు వెళ్ళిపోయింది. పొద్దు చెట్ల వెనక్కి దిగుతోంది. పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి ఎవరి బాణం వాళ్ళు తీసుకుంటున్నారు. తీసిన చోట మట్టిని అరచేత్తో చదును చేస్తున్నారు. ఆ పిల్ల చివర వచ్చింది. కార్యక్రమ పత్రం నా చేతిలోనే ఉంది. ప్రాక్టీసు మీద నేను కొట్టిన గీత చూపించి, "తప్పు నాది బిడ్డా, నేను గిది కొట్టెయ్యకుంటే నీకు సున్నా పడేది గాదు" అన్నాను.

అది ఆ కాగితం వైపు సరిగా చూడనైనా లేదు.

"అందరియి లోపల్నే పడ్డయి గద మేడం. నేనే జర ఎత్తి గట్టిగ గుంజిన" అంది. వంగి తన బాణం పీకి, "గుర్తింపు రావాలని అడిగిన నేలతల్లిని. అడిగేటప్పుడు ఎక్కువ ఇయ్యాలె గద" అంది.

నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు. ఆ బాణం నాకిమ్మని, ఆఫీసులో గోడకు పెట్టుకుంటానని అడిగాను. అది బాణాన్ని లంగాకు తుడుచుకుని తన సంచిలోనే పెట్టుకుంది.

"రేప్పొద్దుగాల కావాలె మేడం" అంది.